తాతయ్య ముఖం, నాలుగు గళ్ళు

మొన్న సంక్రాంతికి మా పిన్ని కొడుకు కుటుంబం వాట్సాప్ గుంపులో ఒక ఫోటో పెట్టాడు. మా తాతయ్యది (అమ్మ వాళ్ళ నాన్న). నున్నటి చర్మం, తళతళలాడే కళ్ళు, నోటినిండా పళ్ళు. అరగంటలో నలభై లవ్వు గుర్తులు పడ్డాయి. పెద్దమ్మ అయితే ఏడుస్తూ ఫోన్ చేసింది. నేను మాత్రం పండగపూట నోరు మూసుకుని కూర్చున్నాను. ఎందుకంటే అది మా తాతయ్య కాదు.

తాతయ్యకి పైన ముందు పన్ను ఒకటి లేదు. ఎడమ కనుబొమ మధ్యలో చిన్న గాటు ఉండేది, కుర్రతనంలో ఎడ్లబండి కాడి తగిలి పడ్డది. అక్కడ వెంట్రుకలు మొలవలేదు. మా వాడు వాడిన ఫోన్ యాప్ పన్ను కట్టింది, కనుబొమ పూడ్చింది. డబ్బులు కూడా తీసుకోకుండా :)

వాణ్ణి తప్పుపట్టడానికి లేదు. ఇదే పని నేను 2005లో వేరే రకంగా చేశాను. ఆ కథ చెప్పాలంటే, కదిలే బొమ్మలోంచి కదలని బొమ్మని తియ్యడం, తీసినదాన్ని పెద్దది చెయ్యడం అనే రెండు పనుల చరిత్ర కాస్త చెప్పాలి. రెండూ చూడ్డానికి చిన్న పనులే. లోపలికి దిగితే తెలుస్తుంది.

తాతయ్య 2005 వేసవిలో పోయాడు. ఫోటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందని నమ్మిన మనిషి. పదకొండో రోజుకి దండ వెయ్యడానికి ఫోటో కావాలంటే ఇంట్లో ఒక్కటీ లేదు. ఓటరు కార్డు ఉంది గానీ, ఓటరు కార్డు మీది ఫోటో చూసి ఎవరైనా ఎవర్నైనా పోల్చుకున్నారా ఇంతవరకూ? 1992లో మా పిన్ని పెళ్ళిలో తీసిన గ్రూపు ఫోటో ఒకటుంది. సరిగ్గా ఫోటోగ్రాఫరు నొక్కిన క్షణానికి తాతయ్య పక్కకి తిరిగి వంటవాళ్ళని కేకేస్తున్నాడు. మిగిలింది ఆ పెళ్ళి వీడియో కేసెట్టు. దాన్ని 2003లో ఊళ్ళో ఎవరో సీడీల్లోకి ఎక్కించి ఇచ్చారు. "నువ్వు కంప్యూటర్ ఇంజనీరువి కదరా, తియ్యి" అన్నాడు మావయ్య. అంతే సంగతులు.

సీడీ పెట్టాను, తాతయ్య కనిపించగానే ఆపాను, ప్రింట్ స్క్రీన్ నొక్కాను, పెయింట్‌లో అతికించాను. నల్లటి గడి వచ్చింది. మళ్ళీ చేశాను, మళ్ళీ నల్లటి గడే. తర్వాత జరిగింది చూసి మాత్రం నిజంగా ఒళ్ళు జలదరించింది: పెయింట్ కిటికీని పట్టుకుని జరుపుతుంటే, ఆ నల్లటి గడిలో పెళ్ళి జరుగుతోంది! పెయింట్ బొమ్మలో వీడియో ఆడటమేమిటి?

ఆ రోజుల్లో ఎక్స్‌పీ వాడినవాళ్ళలో చాలామందికి ఈ అనుభవం అయ్యే ఉంటుంది. వీడియోని మామూలు తెర మీద గీసే ఓపిక అప్పటి కంప్యూటర్లకి లేదు. అందుకని ప్లేయరు తన కిటికీ అంతటా ఒక గుర్తు రంగు పులిమి ఊరుకునేది. మానిటరుకి సిగ్నల్ పంపేటప్పుడు గ్రాఫిక్స్ కార్డు ఆ రంగు ఎక్కడ కనిపిస్తే అక్కడ వీడియోని నింపేది. దీన్ని ఓవర్‌లే అనేవారు. ప్రింట్ స్క్రీన్‌కి దొరికేది పులిమిన రంగే, అసలు బొమ్మ కాదు. అదే రంగుని పెయింట్‌లో అతికించి అదే చోటికి జరిపితే, కార్డుకి తేడా ఏం తెలుస్తుంది పాపం, అక్కడా వీడియో నింపేది. డిస్‌ప్లే సెట్టింగుల లోపలెక్కడో ఉండే హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ మీటని ఎడమవైపుకి లాగితే ఈ బాధ పోయేది. 2007లో విస్టా వచ్చాక తెరని గీసే పద్ధతే మారిపోయి, ఈ వింత కూడా మెల్లగా కనుమరుగైంది.

సరే, మొత్తానికి బొమ్మ దొరికింది. దాని సైజు 352 అడ్డం, 288 నిలువు. అందులో తాతయ్య ముఖం నిలువున 35 పిక్సెళ్ళు.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్దాం.

సినిమా రీలు నుంచి స్టిల్ తియ్యడానికి పెద్దగా చెయ్యాల్సింది ఏమీ లేదు. రీలంటేనే స్టిళ్ళ దండ. అయినా అక్కడా గొడవలున్నాయి. అన్నిటికంటే పేరుమోసినది జప్రూడర్ ఫిల్ము. 1963 నవంబర్ 22న డల్లాస్‌లో కెనడీని కాల్చినప్పుడు అబ్రహాం జప్రూడర్ అనే బట్టల వ్యాపారి 8 మిల్లీమీటర్ల కెమెరాతో తీసింది. 486 ఫ్రేములు, 26 సెకన్ల చిల్లర. లైఫ్ పత్రిక దాన్ని కొని, నవంబర్ 29 సంచికలో కొన్ని ఫ్రేముల్ని నలుపు తెలుపుల్లో అచ్చేసింది. తర్వాత 1964లో వారెన్ కమిషన్ తన సంపుటాల్లో ఫ్రేముల్ని అచ్చువేసినప్పుడు 314, 315 తారుమారయ్యాయి. అచ్చులో పొరపాటని 1965లో ఎఫ్‌బీఐ ఒప్పుకుంది. తల ముందుకి వెళ్ళిందా వెనక్కి వెళ్ళిందా అన్నదాని మీదే తుపాకీ ఎటునుంచి పేలిందన్న వాదమంతా నడుస్తున్న కేసులో, సరిగ్గా ఆ రెండు ఫ్రేములు! కుట్ర సిద్ధాంతాల వాళ్ళకి అంతకంటే మేత ఏం కావాలి?

వీడియో సంగతి వేరు. అందులో అసలు "బొమ్మ" అనేదే లేదు. ఒక గీత తర్వాత ఇంకో గీతగా పరిగెత్తే సిగ్నల్ మాత్రమే ఉంది. మన దేశంలో వాడిన పాల్ పద్ధతిలో ఫ్రేముకి 625 గీతలు, అందులో కంటికి కనపడేవి 576. పైగా వాటిని ఒకేసారి గీయరు. ముందు బేసి గీతలు, సెకనులో యాభయ్యో వంతు తర్వాత సరి గీతలు. అంటే ఒక "ఫ్రేము"లో రెండు వేర్వేరు క్షణాలు దువ్వెన పళ్ళలా ఒకదాంట్లో ఒకటి దూరి ఉంటాయి. పాత టీవీల్లో అది కంటికి తెలిసేది కాదు. కంప్యూటర్లో ఆపి చూస్తే చెయ్యి ఊపే మనిషికి చెయ్యంతా రంపంలా కనిపిస్తుంది. ఒక సగాన్ని పారేస్తే రంపం పోతుంది, బొమ్మలో సగం కూడా పోతుంది.

ఈ పరిగెత్తే సిగ్నల్‌ని పట్టి నిలబెట్టడానికి మనుషులు పడ్డ పాట్లు చాలా ఉన్నాయి. 1981లో సోనీ మావికా అని ఒకటి చూపించింది. ఫిల్ము లేని కెమెరా అని ప్రపంచమంతా నోరు తెరిచింది గానీ, అది డిజిటల్ కాదు. టీవీ సిగ్నల్‌లోంచి ఒక్క ముక్కని కోసి చిన్న ఫ్లాపీ మీద రాసేది, 50 బొమ్మలు పట్టేవి. 1986లో అమీగా కంప్యూటర్లకి న్యూటెక్ వాళ్ళు డిజీవ్యూ తెచ్చారు. నలుపు తెలుపు వీడియో కెమెరా ముందు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అద్దాలున్న చక్రాన్ని తిప్పుతూ, మూడుసార్లు పట్టి, మూడూ కలిపి రంగుల బొమ్మ చేసేవారు. అంతసేపూ ఎదుటివాళ్ళు కదలకూడదు. పళ్ళూ పూలూ అయితే పరవాలేదు, పిల్లల్ని కూర్చోబెట్టాలంటే దేవుడే దిక్కు.

నాకు ఇష్టమైన కథ మాత్రం కేంబ్రిడ్జిది. 1991లో అక్కడి కంప్యూటర్ లేబరేటరీలో ట్రోజన్ రూమ్ అనే గది బయట ఒకే ఒక్క కాఫీ కుండ ఉండేది. వేరే అంతస్తుల వాళ్ళు మెట్లు దిగి వచ్చేసరికి ఖాళీ. క్వెంటిన్ స్టాఫర్డ్ ఫ్రేజర్, పాల్ జార్డెట్‌స్కీ ఇద్దరూ కుండ మీదికి ఒక కెమెరా తిప్పి, దాన్ని పాత ఏకార్న్ కంప్యూటర్లోని ఫ్రేమ్ గ్రాబర్ కార్డుకి తగిలించి, ఆ బొమ్మ అందరి తెరల మూలనా కనిపించేలా ప్రోగ్రాములు రాశారు. 128కి 128, నలుపు తెలుపు, నిమిషానికి మూడు బొమ్మలు. కాఫీ తాగడానికి అంతకంటే ఎందుకు? 1993లో దాన్ని వెబ్‌కి ఎక్కిస్తే లక్షలమంది వచ్చి ఇంగ్లండులో ఎవరి కాఫీనో చూసి వెళ్ళారు. 2001 ఆగస్టు 22న ఆపేశారు. ఇంజనీరు బద్ధకం లోంచి పుట్టిన గొప్ప వస్తువుల జాబితా రాస్తే మొదటి పేజీలో ఉండాల్సింది ఇది.

మళ్ళీ మా సీడీకొద్దాం. వీడియో సీడీ అంటే 1993 నాటి పద్ధతి. మామూలు పాటల సీడీలో గంటా పది నిమిషాల బొమ్మ కూడా పట్టాలి కాబట్టి ఎంపెగ్ 1 అనే కుదింపు వాడారు. దాని లోపలి గుండెకాయ డీసీటీ. బొమ్మని 8కి 8 గళ్ళుగా కోసి, ఒక్కో గడిలో ఉన్న మెల్లటి మార్పుల్నీ సూక్ష్మమైన వివరాల్నీ వేరుచేసి, కంటికి అంతగా ఆననివాటిని పారేస్తుంది. దీన్ని కనిపెట్టింది బెంగుళూరు నుంచి అమెరికా వెళ్ళిన నాసిర్ అహ్మద్. 1972లో ఆయన డబ్బుల కోసం అక్కడి జాతీయ సైన్సు ఫౌండేషన్‌కి అర్జీ పెడితే, మరీ తేలిక విషయమని తిప్పికొట్టారట. 1973 వేసవి జీతం లేకుండా కూర్చుని పని చేశానని ఆయనే తర్వాత రాశారు. 1974లో వచ్చిన ఆ పరిశోధన పత్రం మీద ముగ్గురి పేర్లున్నాయి: అహ్మద్, ఆయన విద్యార్థి నటరాజన్, టెక్సస్‌లో పాఠాలు చెప్పే కె.ఆర్. రావు. ఈ కె.ఆర్. అంటే కామిశెట్టి రామమోహన్. పేరు చూశాక మనవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదనుకుంటాను. మనం చూసే ప్రతి జేపెగ్ ఫోటోలోనూ ఈ ముగ్గురి చెయ్యి ఉంది. మనలో ఎంతమందికి ఆ పేర్లు తెలుసు?

35 పిక్సెళ్ళ ముఖాన్ని 8తో భాగిస్తే నాలుగు గళ్ళ పైచిలుకు. మా తాతయ్య ముఖం నిలువునా నాలుగు గళ్ళు. కనుబొమ మీది గాటు ఒక గడిలో ఒక మూల ఉండే సూక్ష్మ వివరం, అంటే పారేసే బాపతు. సీడీలో అది లేదు. ఎంత వెతికినా దొరకదు, ఎందుకంటే 2003లోనే చెత్తబుట్టలోకి వెళ్ళిపోయింది.

ఈలోగా మావయ్య ఆగలేక ఆ సీడీనే ఒక ఫోటో స్టూడియోకి ఇచ్చాడు. వాళ్ళు పదికి ఎనిమిది అంగుళాల పటం కట్టించి ఇచ్చారు. ముఖం పక్కలకి సాగి బూరెలా ఉంది, కళ్ళున్న చోట మచ్చలున్నాయి. అమ్మమ్మ దాన్ని రెండు నిమిషాలు చూసి, "ఎవర్రా ఈయన?" అంది. వెక్కిరింపుగా కాదు, నిజంగానే అడిగింది.

ముఖం సాగడానికి కారణం అందరూ చేసే పొరపాటే. టీవీ పిక్సెల్ చతురస్రం కాదు. 1982 నాటి అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం డిజిటల్ టీవీ గీతకి 720 చుక్కలు, అది అమెరికా పద్ధతికైనా మన పద్ధతికైనా ఒకటే. కానీ అక్కడ నిలువు గీతలు 480, ఇక్కడ 576. టీవీ తెర మాత్రం రెండు చోట్లా నాలుగుకి మూడే. కాబట్టి మన 720ని కంప్యూటర్లో చూసేటప్పుడు 768కి సాగదియ్యాలి, వాళ్ళ 720ని 640కి నొక్కాలి. ఈ లెక్క చూడకుండా, పైగా ఫ్రేము నిండాలని లాగితే మనుషులు బక్కచిక్కుతారు, లేకపోతే ఉబ్బుతారు. ఇప్పటికీ నెట్‌లో పాత సినిమాల స్టిళ్ళు చూడండి, సగం మంది నటులు అకారణంగా లావెక్కి ఉంటారు.

ఇక పెద్దది చెయ్యడం. దీంట్లోనే అసలు మోసమంతా ఉంది. తల, భుజాలు వచ్చేలా కోస్తే నాకు మంచి కేసెట్టు నుంచైనా అడ్డం 150 పిక్సెళ్ళు వస్తాయి. ఎనిమిది అంగుళాల అచ్చుకి 2400 కావాలి. అంటే పదహారు రెట్లు. ఒక పిక్సెల్ 256 అవ్వాలి, అందులో ఒక్కటే కెమెరా చూసింది, మిగతా 255 మనం కల్పించినవి. ఎలా కల్పించాలన్నదే ప్రశ్న. పక్కదాన్నే కాపీ కొడితే మెట్లు మెట్లుగా వస్తుంది. చుట్టూ ఉన్న నాలిగింటి సగటు తీస్తే మసకగా వస్తుంది. 1981లో రాబర్ట్ కీస్ పదహారింటిని చూసి వంపు గీసే పద్ధతి రాశాడు, ఫోటోషాప్‌లో బైక్యూబిక్ అని కనిపించేది ఆ కుటుంబమే. లాంజోస్ అనేది ఇంకొకటి. ఆ పేరు హంగేరీ గణితవేత్త కోర్నేలియస్ లాంజోస్‌ది, కొన్నాళ్ళు ఐన్‌స్టీన్‌కి సహాయకుడిగా చేసినాయన. దాన్ని వడపోతగా మలిచి 1979లో క్లాడ్ డుషాన్ రాసిన వ్యాసం ఎందులో వచ్చిందనుకున్నారు? వాతావరణ శాస్త్ర పత్రికలో! గాలివానల లెక్కల కోసం పుట్టింది మన పెళ్ళి ఫోటోల్లోకి వచ్చింది.

ఈ పద్ధతులన్నిటిలో నాకు నచ్చే గుణం ఒకటుంది. ఇవేవీ ముఖం అంటే ఏమిటో ఎరగవు. వాటికి తాతయ్య ముఖమూ ఒకటే, మబ్బూ ఒకటే. తెలియని చోట మసకగా వదిలేస్తాయి. తెలియదని ఒప్పుకోవడం అన్నమాట.

స్టూడియో పటం చూశాక నేను కేసెట్టు దగ్గరికే వెళ్ళాను. సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్లో ఒక టీవీ ట్యూనర్ కార్డు కొని, వీసీఆర్ అరువు తెచ్చి, వర్చువల్‌డబ్‌లో కుదింపు లేకుండా పట్టాను. (ఎవరీ లీ అనే ఆయన పుణ్యాన దొరికిన ఉచిత సాఫ్ట్‌వేర్, ఒక తరం మొత్తం ఆయనకి బాకీ ఉంది.) ముఖం ఇప్పుడు 70 పిక్సెళ్ళు. కానీ వీహెచ్ఎస్ టేపు అడ్డంగా సుమారు 240 గీతల వివరం మాత్రమే మోస్తుంది, దానికితోడు చీమలు పాకినట్టు గోల.

అదృష్టం ఏమిటంటే, గ్రూపు ఫోటో కోసం అందరూ బిగుసుకుని నిలబడ్డ ఆ రెండు సెకన్లూ వీడియోవాడు తీస్తూనే ఉన్నాడు. తాతయ్య వంటవాళ్ళ వైపు తిరిగే ముందు దాదాపు నలభై ఫ్రేములు కదలకుండా ఉన్నాడు. అందులో 36 ఏరాను. కెమెరా భుజం మీద ఉంది కాబట్టి ఒక్కో ఫ్రేమూ అటోఇటో జరిగి ఉంది. ఒకదాని మీద ఒకటి కదలకుండా సరిపోయేలా జరిపే చిన్న సీ ప్రోగ్రాము రాసి, అన్నిటి సగటు తీశాను. గోల అనేది ప్రతి ఫ్రేములోనూ వేరుగా ఉంటుంది, ముఖం ఒకటే. 36 కలిపితే గోల ఆరోవంతుకి పడిపోతుంది. టేపులో లేని వివరాన్ని ఇది పుట్టించదు, ఉండి కనపడనిదాన్ని తేలుస్తుంది.

రాత్రి రెండింటికి ఆ బొమ్మ తెర మీదకి వచ్చింది. ఎడమ కనుబొమలో రెండు పిక్సెళ్ళ వెడల్పున తెల్లటి తెంపు. నోరు కాస్త తెరిచి ఉంది, పైన పన్ను లేని చోట నల్లటి చుక్క. నేనేమీ గియ్యలేదు. పన్నెండేళ్ళుగా ఆ టేపులోనే ఉంది.

పెద్దది చెయ్యకుండా పోస్టుకార్డు సైజులో అచ్చు వేయించి, పెద్ద పటంలో చుట్టూ తెల్ల అట్ట పెట్టి బిగించాం. అమ్మమ్మ ఏమీ అనలేదు. కొంగుతో అద్దం తుడిచి, తన మంచం ఎదురుగా పెట్టించుకుంది.

ఇప్పటి యాప్‌ల సంగతికొస్తే, వాటి వంశం 2014లో న్యూరల్ నెట్‌వర్కులతో బొమ్మల్ని పెంచడం దగ్గర మొదలైంది. అవి లక్షల ముఖాలు చూసి నేర్చుకుంటాయి. మసక ముఖం ఇస్తే, అలా మసకబారగలిగే ముఖాల్లో ఒకదాన్ని తయారుచేసి ఇస్తాయి. 2020లో డ్యూక్ విశ్వవిద్యాలయం వాళ్ళ పల్స్ అనే ప్రోగ్రాముకి గళ్ళు గళ్ళుగా చేసిన ఒబామా బొమ్మ ఇస్తే, తెల్లవాడి ముఖం చేసి ఇచ్చింది. అప్పుడు అందరూ నవ్వుకున్నారు. 2021 నవంబర్లో అమెరికాలో రిటెన్‌హౌస్ కేసు విచారణలో, ఐప్యాడ్‌లో వేళ్ళతో వీడియోని పెద్దది చేస్తే లేని పిక్సెళ్ళు వస్తాయని డిఫెన్సు లాయరు అభ్యంతరం చెప్పాడు. పాపం అల్గరిథమ్స్ అనబోయి లాగరిథమ్స్ అన్నాడు. మా ఆఫీసులో కూడా తెగ నవ్వారు. చివరికి జూమ్ చెయ్యకుండానే పెద్ద టీవీలో చూపించారు. మామూలు జూమ్ వరకూ ఆయన భయం ఎక్కువేమో గానీ, 2024 మార్చిలో వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక హత్య కేసులో కృత్రిమ మేధతో మెరుగుపరిచిన వీడియోని సాక్ష్యంగా తీసుకోనని జడ్జి తేల్చి చెప్పేశాడు. నా ఓటు ఆ జడ్జికే. మనిషి ప్రాణానికి పనికిరాని బొమ్మ, మనిషి జ్ఞాపకానికి ఎలా పనికొస్తుంది?

పండగ వెళ్ళాక తమ్ముడికి విడిగా ఫోన్ చేశాను. వాడు ఆ సీడీ లోంచే స్క్రీన్‌షాట్ తీసి యాప్‌లో వేశాడట. నాలుగు గళ్ళ ముఖం! దాంట్లోంచి కనుబొమ ఎక్కణ్ణుంచి వస్తుంది? నా 2005 బొమ్మ పంపించి, కనుబొమ చూడమన్నాను. కాసేపు మాట్లాడలేదు. తాతయ్య పోయేనాటికి వాడికి నాలుగేళ్ళు.

"అన్నయ్యా, మరి గుంపులో పెట్టింది తీసెయ్యనా?" అన్నాడు.

"పెద్దమ్మ దాన్ని అప్పుడే లామినేషన్ చేయించిందిరా" అన్నాను.

"ఆ కేసెట్టు ఇంకా ఉందా?"

ఉంది. నా బీరువాలో, ప్లాస్టిక్ సంచిలో. టేపు అంచున తెల్లటి బూజు పట్టింది. వీసీఆర్లు తయారుచేసే ఆఖరి కంపెనీ, జపాన్‌లోని ఫునాయ్, 2016 జులైలో ఆపేసింది. ఇప్పుడు పనిచేసేది దొరకడమే కష్టం. ఇప్పటి కార్డులతో రెండు మూడుసార్లు ఆడించి పట్టి, వాటినీ కలిపితే ఇంకొంచెం తేటపడొచ్చని నా లెక్క. గుంటూరులో ఎవరి దగ్గరో ఒక వీసీఆర్ ఉందని, వచ్చే ఆదివారం పట్టుకొస్తానని అన్నాడు తమ్ముడు. హెడ్ శుభ్రం చెయ్యడానికి స్పిరిటు నన్ను కొని ఉంచమన్నాడు.